మామయ్య కొట్టులో మూడు గీతలు

ఫిబ్రవరి 2

పిచ్చుకకు,

మామయ్య ఆశీస్సులు, వాటితో పాటు ఒక పని. నువ్వు అక్కడ క్షేమమని మీ అమ్మ చెప్పింది. ఇక్కడ నేను క్షేమం, మీ అత్తయ్య క్షేమం. కొట్టు మాత్రం క్షేమం కాదు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూనే పక్కన టకటకా ఏదో కొట్టుకుంటావు. పైగా ఫోన్లో అన్న మాట గాలికి పోతుంది. కాగితమైతే నా బల్ల మీది చువ్వకు గుచ్చుకుని పడి ఉంటుంది. కొట్లో ఫోన్ ఎందుకు తీయించేశానో నీకు తెలుసుగా. ఒక పెద్దమనిషి అరగంట సేపు ఒక మేకును నోటితో వర్ణించాడు. పొడుగ్గా ఉంటుందండీ, ఒక కొస సూదిగా ఉంటుందండీ అని. ఆ మర్నాడే తీయించాను.

సంగతేమిటంటే మా కొట్టున్న మేడ కూలగొడుతున్నారు. మార్చి పదహారు నుంచి నా ఇనుప సామాన్ల కొట్టు వెనక సందులో, రెండో అంతస్తులో ఉంటుంది. మెట్లు ఇరుకు. ఉన్న ఒక్క కిటికీ అవతలి గోడకేసి చూస్తుంది. దారినపోయే మనిషికి కొట్టు కనపడాలంటే ఆ మనిషి పావురమై ఉండాలి. మీ అత్తయ్యేమో, "ఇంక చాలు, మూసేసి ఇంట్లో కూర్చోండి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆదివారం తప్ప మీ మొహం చూసిన పాపాన పోలేదు" అంటోంది. నేను మాట తూలాను. "మన పిచ్చుక చేత వెబ్‌సైటు పెట్టిస్తాను. కొత్త చోట మొదటి వారంలో అది చూసి పది మంది మెట్లెక్కి రాకపోతే తాళంచెవులు నీ చేతిలో పెడతాను" అన్నాను. ఆవిడ అప్పటికప్పుడు అదంతా కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకుంది. నా పద్ధతి నా మెడకే చుట్టుకుంది.

నిజం చెప్తున్నా, నాకు భయంగా ఉంది. ఇంట్లో కూర్చుని నేనేం చేస్తాను? మొన్న ఆదివారం తోచక వంటింటి అలమర్లో డబ్బాలన్నీ సైజుల వారీగా సర్దాను. మీ అత్తయ్య మధ్యాహ్నం దాకా ఉప్పు కోసం వెతికి, ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది.

ఇందులో సామాన్ల పట్టీ పెడుతున్నాను. పన్నెండు పేజీలు, ఆరు వందల నలభై రకాలు. అన్నీ మొదటి పేజీలోనే కనపడాలి. కొట్టంటే అడుగు పెట్టగానే కళ్ళు నిండాలి. దాచిపెట్టడానికి ఇదేమైనా నగల పెట్టెనా? అన్నిటికన్నా పైన నా ఫోటో వెయ్యి. కోటు వేసుకున్నది, పెద్దది.

కొట్టు ఉన్నా ఊడినా,
నీ మామయ్య


ఫిబ్రవరి 7

మామయ్యకు,

నమస్కారాలు. ఉత్తరం అందింది, పట్టీ అందింది, పట్టీకి అంటుకుని ఒక రబ్బరు వాషర్ కూడా అందింది. ఉంచేసుకున్నాను.

ముందు ఒక నిజం మీకూ చెప్పాలి. వెబ్‌సైట్లు చేసే ఈ ఆఫీసులో రెండేళ్ళుగా వేరేవాళ్ళు గీసిన పేజీలకు నేను రంగులు పూస్తున్నాను. మొదటి గీత నుంచి చివరి గీత దాకా నేనొక్కదాన్నే చేయబోయే పేజీ ఇదే. కాబట్టి మీరు ఎంత తిట్టినా వదలను.

ఇక తగవులోకి దిగుతాను. ఆరు వందల నలభై రకాలూ మొదటి పేజీలో పెట్టడం నాకు పెద్ద పని కాదు. కానీ చూసేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్లో చూస్తారు. ఫోనంటే అరచేయి. మీ కొట్టంతా తెచ్చి ఆ అరచేతిలో గుమ్మరిస్తే, గొలుసుల దాకా చేరేసరికి చూసేవాడి బొటనవేలు అరిగిపోతుంది. అన్నీ చూపిస్తే వెతుక్కోలేక చస్తారు, దాచిపెడితే తెరుచుకోలేక చస్తారు. ఏ చావు చిన్నదో చూసుకోవడమే మా పని. అందుకని సామానంతా ఏడు శీర్షికల కింద సర్దాను. ఇనుము, ఇత్తడి, ఉక్కు, ప్లాస్టిక్, రబ్బరు, పనిముట్లు, ఇతరములు. ఆ ఏడూ కూడా పేజీలో చోటు తినకుండా ఒక మూల మూడు అడ్డగీతల వెనక ఉంటాయి. గీతల మీద వేలు పెడితే జాబితా కిందికి జారుతుంది. ఈ మధ్య అందరూ ఇలాగే పెడుతున్నారు.

ఫోటో విషయం. కోటు బాగుంది, మీరూ బాగున్నారు. కానీ ఆ ఫోటో ఫోన్ తెరలో సగం మింగేస్తోంది. పైగా బరువు. అది తెరుచుకునేలోగా మనిషి ఇంకో కొట్టుకు వెళ్ళి మేకులు కొనుక్కుని ఇంటికి చేరతాడు. దాన్ని తీసేయక తప్పదు. కోపం వస్తే కోటు విప్పి చల్లబడండి.

పేజీ నమూనాలు కాగితాల మీద అచ్చు వేసి పంపుతున్నాను. కొట్టుకు వచ్చేవాళ్ళ మీద ప్రయత్నించి చూడండి. కావలసిన వస్తువు దాకా ఎలా వెళ్తారో, ఎక్కడ ఆగిపోతారో గమనించండి. మీరు మాత్రం నోరు మెదపకూడదు, వేలు పెట్టి చూపించకూడదు. మీరు సాయం చేస్తే పరీక్షంతా బూడిదలో పోసిన పన్నీరే.

అత్తయ్యకు నమస్కారాలు. ఉప్పు దొరికిందా?

మీ పిచ్చుక


ఫిబ్రవరి 16

పిచ్చుకకు,

నోరు కుట్టేసుకున్న మామయ్య ఆశీస్సులు. ఉప్పు దొరికింది. మేకుల సైజు డబ్బాలో ఉంది.

నువ్వు చెప్పింది చెప్పినట్టు అమలు చేశాను. ఫలితాలు రాస్తున్నాను, గుండె దిటవు చేసుకో.

మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. నీ మూడు గీతలను ఒక్కరూ ముట్టుకోలేదు. ఒకాయన మాత్రం కాస్త దగ్గరికి వెళ్ళి, "రంగు ఆరలేదాండీ?" అని అడిగాడు. ఒకావిడ తడి గొడుగు దానికి ఆనించి, కావలసింది కనపడక గొడుగు కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది. నలుగురు మొదటి పేజీ చూడగానే వెనక్కి తిరిగారు. వాళ్ళలో ఒకాయన, "అయ్యో, కొట్టు ఎత్తేశారా?" అన్నాడు. మరి అంత ఖాళీగా ఉంది.

రెండో రోజు ప్లంబరు వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా నా దగ్గరికి వస్తున్న మనిషి. కుళాయి వాషర్ కోసం ముందు ఇత్తడిలోకి వెళ్ళాడు. ఇత్తడిలోంచి రబ్బరులోకి, రబ్బరులోంచి ఇతరముల్లోకి వెళ్ళాడు. ఇతరముల్లోంచి ఇరవై నిమిషాలు బయటికి రాలేదు. లోపలి నుంచి దగ్గు వినిపించింది. నువ్వు సాయం చేయొద్దన్నావని చేతులు కట్టుకుని నిలబడ్డాను. పాపం అనిపించింది పిచ్చుకా. ముప్పై ఏళ్ళ స్నేహం.

ఎవరో ఇదంతా మీ అత్తయ్యకు చేరవేశారు. "మార్చి దాకా ఆగక్కర్లేదేమో" అంది. నవ్వుతూనే అంది, అదే నాకు నచ్చలేదు.

మౌనంగా,
మామయ్య


ఫిబ్రవరి 20

మామయ్యా,

కొంప మునిగింది. మన పేజీ నేనింకా ఎక్కడా పెట్టలేదు! నా కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదు. మరి ఆ పదకొండు మంది ఎక్కడికి వచ్చారు? ఎవడో మీ కొట్టు పేరుతో దొంగ పేజీ పెట్టి, మన ఏడు శీర్షికలూ ఎత్తుకుపోయాడు.

ఆఫీసులో నా పక్క సీటాయనకు మీ ఉత్తరం చూపించాను. ఆయన ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాడు. మూడుసార్లు చదివి, "లోపలి నుంచి దగ్గు కూడా వినిపించిందా? శబ్దం కూడా పెట్టాడన్నమాట. గట్టివాడే" అన్నాడు. గొడుగు సంగతి మాత్రం ఇద్దరం ఎంత బుర్ర గోక్కున్నా అంతుబట్టలేదు.

మీరు దయచేసి దేని మీదా వేలు పెట్టకండి. ఎవరు ఏ వివరం అడిగినా ఇవ్వకండి. ఆ ప్లంబరుగారిని ఫోన్ మార్చుకోమని చెప్పండి. తిరుగు టపాలో అంతా వివరంగా రాయండి, నాకు కంటి మీద కునుకు లేదు.

మీ పిచ్చుక


ఫిబ్రవరి 25

పిచ్చుకకు,

మామయ్య ఆశీస్సులు. దొంగ ఎవడూ లేడు. నేనే.

కొట్టుకు వచ్చేవాళ్ళ మీద ప్రయత్నించమన్నావు. కాగితం చేతిలో పెడితే ఏం తెలుస్తుంది? తాళం నప్పుతుందో లేదో కాగితం మీద చూస్తామా, తలుపుకు బిగించి చూస్తాం. అందుకని కొట్టునే నీ కాగితంలా మార్చేశాను. ముందు గది మొత్తం ఖాళీ చేసి గోడలకు సున్నం వేయించాను, నీ మొదటి పేజీ అంత తెల్లగానే ఉంది కదా. వెనక గదిని పరదాలతో ఏడు అరలు చేసి ఒక్కోదానికి నీ శీర్షిక ఒకటి రాసి కట్టాను. ఆ అరలకు వెళ్ళే దారికి అడ్డంగా ఒక చెక్క తలుపు నిలబెట్టి, దాని మీద నల్ల రంగుతో మూడు గీతలు గీశాను. మూడు రోజుల పని. నడుం పట్టేసింది. ప్లంబరుకు ఫోన్ మార్చుకోమని చెప్పాను. ఎందుకని అడిగాడు, నాకూ తెలియదన్నాను.

చెప్పకూడదు గానీ, ఆ ఇతరములు ఉందే, అది మహా చెడ్డ చోటు. రెండో రోజు మధ్యాహ్నానికల్లా కొట్లో సగం సామాను అందులోకి చేరింది. ఎక్కడ పెట్టాలో తోచనివన్నీ నేనే అందులో పారేశాను. తర్వాత నాకే దొరకలేదు.

అయితే ఒక లాభం జరిగింది. నోరు మూసుకుంటే చెవులు పనిచేస్తాయని ఈ వయసులో తెలిసింది. ఇన్నేళ్ళూ మనిషి సగం మాట అనగానే నేనే అందుకుని సామాను తీసిచ్చేవాణ్ణి. మిగతా సగం ఏమంటారో ఎప్పుడూ వినలేదు. ఈసారి విన్నాను. ఒక్క మనిషి కూడా నోట్లోంచి ఇత్తడి అన్న మాట రాల్చలేదు. బడిపంతులమ్మ వచ్చి, "కారుతోందండీ" అంది. ఏది అని కూడా చెప్పలేదు. ఒకాయన, "బల్ల ఊగుతోంది, అన్నం తింటుంటే ఒకరి పళ్ళెం ఇంకొకరి దగ్గరికి పోతోంది" అన్నాడు. ఇంకొకాయన, "తలుపు కిర్రుమంటోంది, పక్కింటివాళ్ళు కొట్లాటకొస్తున్నారు" అన్నాడు. అందరూ వాళ్ళ బాధే చెప్తారు. వస్తువు పేరు తెలిసిన మనిషి ప్లంబరు ఒక్కడే. ఆయన ఇతరముల్లో ఉన్నాడు.

నడుం పట్టుకుని,
మామయ్య


మార్చి 2

మామయ్యకు,

నమస్కారాలు. మీ ఉత్తరం ఆఫీసులో గట్టిగా చదివాను. పక్క సీటాయన నవ్వలేక కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. కాస్త తేరుకున్నాక, "మనం నెలల తరబడి చేయని పరీక్ష మీ మామయ్య పరదాలు కట్టి చేశాడు" అన్నాడు. నాకు గర్వంగానూ, కొంచెం సిగ్గుగానూ అనిపించింది.

పేజీ మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. మూడు గీతలు లేవు. ఇత్తడి లేదు, ఉక్కు లేదు. ఇతరములు అసలే లేదు. పేజీ తెరవగానే ఐదు పెద్ద గడులు కనపడతాయి. కారుతోంది. ఊగుతోంది. కిర్రుమంటోంది. తెరుచుకోవడం లేదు. ఊడిపోయింది. ఎవరి బాధ మీద వాళ్ళు వేలు పెట్టుకుంటారు. ప్లంబరుగారిలా పేరు తెలిసినవాళ్ళ కోసం పైన ఒక వెతికే పెట్టె పెట్టాను.

ఇందులోనూ ఒక ఇబ్బంది ఉంది, ముందే చెప్తున్నాను. ఒకే వాషర్ "కారుతోంది"లోనూ కనపడుతుంది, "ఊగుతోంది"లోనూ కనపడుతుంది. ఒక వస్తువుకు ఒకటే సొరుగు అనే మీ నియమం ఇక్కడ నడవదు. సొరుగులో అయితే వాషర్ ఒక్కచోటే ఉండాలి. పేజీలో ఎన్ని చోట్లయినా ఉండొచ్చు, తుప్పు పట్టదు. ఐదు గడులకు చోటు చాలక, మీ ఫోటో తీసేశాక మిగిలిన పై భాగం కూడా మొత్తం ఎత్తేశాను. మళ్ళీ కోటు ఊసెత్తొద్దు.

పేజీ పేరుతో ఒక రబ్బరు ముద్ర చేయించి పంపుతున్నాను. కొట్లో ఇచ్చే ప్రతి పొట్లం మీదా ముద్ర కొట్టండి. సామాను సరైన చోట్ల పెట్టేసుకోండి, ఆవిడ గొడుగు ఆవిడకు ఇచ్చేయండి. పదిమందేం ఖర్మ, వంద మంది వస్తారు చూడండి.

మీ పిచ్చుక


మార్చి 19

పిచ్చుకకు,

మామయ్య ఆశీస్సులు. కొట్టు మారి ఇవాళ్టికి నాలుగు రోజులు.

సోమవారం ఎవరూ రాలేదు. మంగళవారం ఒకాయన వచ్చాడు. నేను లేచి నిలబడి కుర్చీ కూడా తుడిచాను. పైన నీళ్ళ ట్యాంకు చూడటానికి వచ్చాడట. బుధవారం నిజంగానే ఒక పావురం వచ్చింది. ఇవాళ అది కూడా రాలేదు.

నేను చేయవలసినవన్నీ చేశాను. పదిహేను రోజులు ప్రతి పొట్లం మీదా ముద్ర కొట్టాను, ఒకాయన చొక్కా మీద కూడా పడింది. పాత మేడ గోడకు కొట్టు మారిందని బోర్డు బిగించి వచ్చాను, చిరునామాతో, బాణం గుర్తుతో, ఆరు స్క్రూలతో, నా చేత్తో. కూలగొట్టేవాళ్ళు మొట్టమొదట ఆ గోడే పడగొట్టారు. బోర్డు మాత్రం గోడ ముక్కను వదల్లేదట. అంత బాగా బిగించాను.

మీ అత్తయ్య ఇంట్లో కిటికీ పక్కన నా కోసం ఒక కుర్చీ వేసింది. దాని మీద కొత్త దిండు కూడా పెట్టింది. ఆవిడ వేళాకోళానికి పెట్టలేదు పిచ్చుకా, ప్రేమగానే పెట్టింది. అయినా ఆ దిండు చూస్తే నాకు ఏడుపొచ్చింది. సొరుగులు తెరిచి మూసే చేతులివి. దిండు మీద కూర్చుని వీటిని ఎక్కడ పెట్టుకోవాలి?

నీ మీద కోపం లేదు. ఉంటే రాసేవాణ్ణి. ఇంకా రెండు రోజులు ఉన్నాయి.

నీ మామయ్య


మార్చి 21

మామయ్యా,

మీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం టపాలో వచ్చింది. చదివి వెంటనే లెక్క తీశాను. ఈ వారంలో మన పేజీని రెండు వందల పన్నెండు మంది తెరిచారు. తెరిచి, "కారుతోంది" మీద వేలు పెట్టి, సరైన వాషర్ దాకా చక్కగా చేరారు. అక్కడి నుంచి పేజీ పైకి వెళ్ళారు. కిందికి వచ్చారు. మళ్ళీ పైకి వెళ్ళారు. తర్వాత మూసేసి వెళ్ళిపోయారు. దేని కోసమో వెతికారు. అదేమిటో తెలియక నేనూ వాళ్ళలాగే పైకీ కిందికీ తిరిగాను. ఏం జవాబు రాయాలో తోచక, ముందు కవరైనా రాద్దామని మీ కొత్త కొట్టు చిరునామా మొదలుపెట్టాను. సగంలో నా చెయ్యి ఆగిపోయింది.

మామయ్యా, పేజీలో చిరునామా లేదు.

శీర్షికలు ఏడా ఐదా అని నెలన్నర కొట్టుకున్నాం. ఆరు వందల నలభై వస్తువులకు చోటు దొరికింది. కొట్టు ఎక్కడుందో మాత్రం రాయలేదు. మొదట్లో అది మీ ఫోటో చోటు కింద చిన్న వరుసలో ఉండేది. ఆ పై భాగం ఎత్తేసినప్పుడు దానితో పాటే పోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ప్రతి కవరు మీదా నా చేత్తో అదే రాస్తూ వచ్చాను, పేజీలో లేదని తట్టలేదు.

ఇప్పుడే పెట్టాను. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో పెట్టాను. ఏ సందు, ఎటువైపు మెట్లు, ఎన్నో అంతస్తు అన్నీ ఉన్నాయి. కానీ ఇవాళ శనివారం, మీ వారం అయిపోయింది. మీకు చెబుదామంటే కొట్లో ఫోన్ లేదు. ఇంటికి చేస్తే ఎత్తేది అత్తయ్య, ఆవిడ అవతలి పక్షం. తప్పు నాది, ఇంకొక్క వారం ఇవ్వమని ఆవిడ కాళ్ళావేళ్ళా పడతాను. నన్ను క్షమించండి.

మీ పిచ్చుక


మార్చి 24

పిచ్చుకకు,

మామయ్య ఆశీస్సులు. ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు, లే.

శనివారం పన్నెండింటి దాకా నా దగ్గరికి వచ్చినవాళ్ళు సున్నా. తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టుకుని, తల వంచుకుని నూనె గుడ్డతో తుడుస్తున్నాను. ఇచ్చేదేదో తళతళలాడుతూ ఇద్దామని. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. గుమ్మంలో ఎవరో వచ్చి నిలబడ్డారు. నేను తల ఎత్తకుండానే అలవాటు చొప్పున, "ఏం కావాలమ్మా?" అన్నాను.

"పది మంది కావాలన్నారుగా, తెచ్చాను" అంది మీ అత్తయ్య.

జరిగింది ఇదీ. ఆవిడ మందుల కొట్టుకు పోతూ మా పాత మేడ మీదుగా వెళ్ళింది. ఇటుకల కుప్ప ముందు జనం నిలబడి ఉన్నారట. ఒకాయన చేతిలో విరిగిన గొళ్ళెం, ఒకావిడ చేతిలో కుళాయి తల, బడిపంతులమ్మ చంకలో కుర్చీ కాలు. అందరి రెండో చేతిలోనూ ఫోను. నీ పేజీలో వస్తువు దొరికింది, కొట్టు దొరకలేదు, అందుకని తెలిసిన చోటికి వచ్చి ఇటుకలను చూస్తున్నారు. మీ అత్తయ్య తల తిప్పుకుని పోతే చాలు, పందెం గెలిచేది.

"తిప్పుకుని పోదామనే అనుకున్నా. ఆ బడిపంతులమ్మ ఊరుకుందా? ఆయన ఉంటే ఈ కాలు నిమిషంలో బిగించేవాడు, పాపం పోయాడేమో అంది. నాకు ఒళ్ళు మండింది. పోవడమేంటమ్మా, నిక్షేపంగా ఉన్నారు, నా వెంట రండి అన్నాను" అంది.

వాళ్ళందరినీ పంపించాక లెక్కపెట్టాను. తొమ్మిదే. మాట మాటే కదా, కాగితం తీసి, "ఒకరు తక్కువ" అన్నాను. ఆవిడ నాకేసి ఒక చూపు చూసి, తన ఫోన్లో నీ పేజీ తెరిచి, "తెరుచుకోవడం లేదు" మీద వేలు పెట్టింది. "పడకగది కిటికీ. పదకొండేళ్ళుగా చెప్తున్నాను. ఇప్పుడైనా గడియ ఇస్తారా?" అంది. ఇచ్చాను. పది.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. పెళ్ళయిన కొత్తల్లో మీ అత్తయ్య ఒకసారి కొట్టుకు వచ్చిందట. ఆ రోజూ నేను తల ఎత్తకుండా ఏం కావాలమ్మా అన్నానట. ఏమీ వద్దని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు గుమ్మం తొక్కలేదు. ఎందుకు రావని నేనూ అడగలేదు. శనివారం చెప్పింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నీ ఉత్తరం నిన్న అందింది. మీ అత్తయ్య ఫోన్లో పేజీ కూడా చూశాను. చిరునామా బాగా పెట్టావు, వీధి చివర నుంచి కూడా కనపడుతుంది. అక్కడే చిక్కొచ్చింది. నిన్న పొద్దున మీ అత్తయ్య మంచి చీర కట్టుకుని మళ్ళీ ఆ ఇటుకల కుప్ప దగ్గరికి వెళ్ళింది. గంట నిలబడినా ఒక్కరూ దారి అడగలేదు. అందరూ ఫోన్ చూసుకుని చకచకా సందులోకి తిరిగిపోయారు. ఇక్కడ నాకు ఊపిరి సలపనంత పని. ఆవిడ ఒక్కతే మెట్లెక్కి వచ్చి, "నేను లేకపోయినా వస్తున్నారుగా" అంది. కూర్చోమన్నాను. "నాకిక్కడేం పని?" అని వెళ్ళిపోయింది. ఇవాళ రాలేదు.

పేజీలో ఏది పైన ఉండాలో, ఏది కింద ఉండాలో, ఒకటి పెడితే ఇంకేది పోతుందో అన్నీ నువ్వే నాకు నేర్పావు. అందుకని నిన్నే అడుగుతున్నాను. చిరునామా తీసెయ్యమనను, అట్టడుగుకు దించు. అక్షరాలు చిన్నవి చెయ్యి. ఓపికున్నవాళ్ళకు దొరకాలి, తొందరపడేవాళ్ళకు దొరక్కూడదు. రోజుకు ఇద్దరు ముగ్గురు దారి తప్పితే చాలు, వాళ్ళను వెంటబెట్టుకుని ఆవిడ వస్తుంది.

తల ఎత్తి కూర్చున్న,
నీ మామయ్య